డబ్బాకి వేడి పడదట

అబుదాబిలో నేను వంటమనిషిగా చేసిన ఇంటికీ, ఆ ఇంటి గేటుకీ మధ్య ఎంత దూరమో మా మేడమ్‌కి తెలియదు. ఆమె దాన్ని ఎప్పుడూ కారులోనే దాటింది. నేను నడిచాను. ఇంటి ముందు పొడవాటి ఆవరణ, సగం టైల్స్, సగం ఇసుక, ఒక పక్క వరసగా ఖర్జూరపు చెట్లు, చివర ఇనప గేటు. గేటును ఆనుకుని ఒక గది. ఇంటి ఓనరు దాన్ని డ్రైవర్ కోసం కట్టించాడట. మా సార్ కారు తనే నడుపుకునేవాడు కాబట్టి ఆ గది నాకు వచ్చింది. మేడమ్ దాన్ని అవుట్‌హౌస్ అనేది. "మా అమ్మాయికి సెపరేట్‌గా అవుట్‌హౌస్ ఇచ్చేశాం" అని స్నేహితురాళ్లకు చెబుతుంటే నేను పకోడీల ప్లేటుతో పక్కనే నిలబడి ఉండేదాన్ని. నాకు అప్పటికే నలభై దాటాయి. ఆ అమ్మాయి మేడమ్ కంటే పెద్దది.

వాళ్లది గుంటూరు వైపు. సార్‌కి ముసఫ్ఫాలో గ్యారేజీ ఉంది. మాది గోదావరి లంక. నేను బయల్దేరేటప్పుడు మావాళ్లంతా తెలుగువాళ్ల ఇల్లు దొరికింది, అదృష్టవంతురాలివి, మాట తెలిసిన మనుషులు అన్నారు. మాట తెలియడమే నా ప్రాణం మీదికి వచ్చింది. అరబ్బుల ఇళ్లలో చేసే మా వైపు ఆడవాళ్లకు, తమను తిడుతున్నారో పొగుడుతున్నారో సగం తెలిసేది కాదు. హాయిగా ఉండేవాళ్లు. నాకు ప్రతి మాటా, దాని వెనకున్న వెటకారంతో సహా అర్థమయ్యేది. పైగా మేడమ్‌కి ఒక ఊతపదం ఉంది. ఏ పని చెప్పాలన్నా ముందు "నువ్వు మా ఇంటి మనిషివి కదా" అనేది. ఆ మాట వినబడగానే నాకు ఒళ్లు బిగుసుకుపోయేది. చుట్టాలు వస్తున్నారనో, పరుపులన్నీ ఎండలో వేయాలనో దాని వెనకాలే వచ్చేది.

ఆమె అలవాటు ఒకటి చెప్పాలి. జరిగినదంతా దాని వల్లే జరిగింది. ఇంట్లో మెట్ల కింద కరెంటు బోర్డు ఉండేది. పొద్దున నేను వంటింట్లోకి వచ్చాక మేడమ్ కాఫీ కప్పు చేత్తో పట్టుకుని అటు వెళ్లి, నా గదికి కరెంటు వెళ్లే స్విచ్‌ని కిందికి దించేసేది. మళ్లీ దీపాలు పెట్టే వేళకు ఎత్తేది. నేను గదిలో లేనప్పుడు ఏసీ తిరిగితే దండగట. ఏసీ ఆపే వస్తున్నానని ఎన్నిసార్లు చెప్పినా, మర్చిపోతావులే అనేది. రోజూ పొయ్యి దగ్గర నిలబడి ఆ స్విచ్ టక్కుమని పడే చప్పుడు వినేదాన్ని. దేవుడి దగ్గర దీపం పెట్టడం మర్చిపోయిన రోజులున్నాయి గానీ ఆమె ఆ స్విచ్ మర్చిపోయిన రోజు లేదు.

మధ్యాహ్నం రెండు గంటలు నాకు రెస్టు. ఆ రెస్టు గురించి కూడా ఫోన్లలో గొప్పగా చెప్పుకునేది. ఇంట్లో మనిషి మసులుతుంటే తనకు కునుకు పట్టదు కాబట్టి వంటింటి తలుపు వేసేసి, వెళ్లి నీ రూములో పడుకో అనేది. ఏ రూములో? కాంక్రీటు కప్పు పొద్దున్నుంచీ కాలి, లోపల అడుగు పెడితే కళ్లు మండే రూములో. అక్కడి ఇళ్లకు ఫ్యాన్లు ఉండవు. కుళాయి నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగిపోతాయి. అందుకని పొద్దున్నే బకెట్లో నీళ్లు పట్టి ఉంచుకునేదాన్ని. ఆ నీళ్లు నేల మీద చల్లి, తువ్వాలు తడిపి ఒంటి మీద కప్పుకుని, ఆ తడి నేల మీద పడుకునేదాన్ని. తువ్వాలు ఆరిపోతే మెలకువ వచ్చేది. లేచి మళ్లీ తడిపేదాన్ని. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట ఆరుబయట కూలీలతో పని చేయించకూడదని ఆ దేశంలో రూలుంది. మా గేటు ముందు రోడ్డు వేసేవాళ్లు ఆ వేళకు నీడలో నడుం వాల్చేవాళ్లు. నేను మాత్రం రెస్టు ముగిసి మళ్లీ పనిలోకి వస్తేనే ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఆ ఏడు సెప్టెంబరుతో నా వీసా అయిపోతుంది. ఎండలు ముదరకముందే సార్ అడిగాడు, ఇంకో రెండేళ్లకు వేయించనా అని. నా కఫీల్, అంటే వీసాకు పూచీ ఉన్న మనిషి, ఆయనే. నేను ఒక్కటే అడిగాను. జీతం సంగతి ఎత్తలేదు, సెలవుల సంగతి ఎత్తలేదు. మధ్యాహ్నం ఆ రెండు గంటలూ నా గదికి కరెంటు ఉంచితే ఉంటాను, లేకపోతే వెళ్లిపోతాను అన్నాను. ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండా, అది మేడమ్ డిపార్ట్‌మెంట్ అన్నాడు. మేడమ్ "చూద్దాంలే" అంది. ఆ ఇంట్లో చూద్దాంలే అంటే లేదని అర్థం. సరే, సెప్టెంబరు దాకా నేనూ చూద్దామనుకున్నాను.

సరిగ్గా అప్పుడే మేడమ్‌కి గేటు దగ్గర కెమెరా బెల్లు పెట్టాలని బుద్ధి పుట్టింది. కరోనా రోజుల నుంచి ఆ ఇంట్లో ఉప్పు దగ్గర్నుంచి చీరల దాకా అన్నీ ఫోన్లోనే తెప్పించుకోవడం. డెలివరీ అబ్బాయి గేటు దగ్గర బెల్లు కొడితే లోపలికి వినబడదు. అతను ఫోను చేస్తాడు, మేడమ్ నన్ను కేకేస్తుంది, నేను ఎండలో పరిగెత్తాలి. అలా పరిగెత్తినంత కాలం ఎవరికీ కెమెరా గుర్తుకు రాలేదు. ఒకసారి చీరల పార్సిలు కనబడకుండా పోయింది. అప్పుడు గుర్తొచ్చింది. పార్సిలు పక్క విల్లాలో పడేసి పోయారని, రెండు రోజుల తర్వాత వాళ్లే తెచ్చి ఇచ్చారు. ఈలోపల మేడమ్ సార్‌ని నా గదికి పంపింది. ఆయన గుమ్మంలో నిలబడి, నా పెట్టె వైపు ఒకసారి, గోడ వైపు ఒకసారి చూసి, ఏం లేదు ఊరికే వచ్చాను అని వెళ్లిపోయాడు. చీరలు దొరికాక నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కెమెరా వస్తోందని మాత్రం చెప్పారు.

కెమెరా బిగించడానికి వచ్చినాయన కరీంనగర్ వైపు మనిషి. సార్ గ్యారేజీలో కెమెరాలు పెట్టింది కూడా ఆయనే. గేటు స్తంభానికి కెమెరా బిగించి, తీరా చూస్తే అక్కడికి వైఫై అందదు. రౌటరు హాల్లో ఉంది. సిగ్నలు కార్ల షెడ్డు దాకా వచ్చి ఆగిపోతుంది. నన్నడిగితే నేనే చెప్పేదాన్ని. మా చెల్లెలితో వీడియో కాల్ మాట్లాడాలంటే రోజూ ఆ షెడ్డు గోడకు వీపు ఆనించి నిలబడేది నేనే కదా. టైల్స్ తవ్వి వైరు వేద్దామంటే ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. చివరికి ఆయన మేడ మీద బాల్కనీకి తెల్లటి పలక లాంటిది ఒకటి బిగించాడు. అది గేటు వైపుకు సిగ్నలు పంపుతుందట. దాన్ని అందుకుని కెమెరాకి ఇవ్వడానికి గేటు దగ్గర ఇంకో డబ్బా ఉండాలి. డబ్బాకి పగలూ రాత్రీ కరెంటు కావాలి. గేటు దీపాలకు సాయంత్రం తప్ప కరెంటు రాదు. అక్కడ ప్లగ్గు ఉన్నది నా గదిలో ఒక్కటే.

నన్నెవరూ అడగలేదు. నేను కూర దించి వెళ్లేసరికి నా మంచం పక్కన కిటికీలో ఆ డబ్బా కూర్చుని ఉంది. కెమెరా వైరు కూడా కిటికీ సందులోంచి వచ్చి అదే ప్లగ్గులో దూరింది. నా ఫోను ఛార్జరు తీసి మంచం మీద పడేశారు. "అక్కా, గీ డబ్బ ఈడ్నే ఉంటది. ప్లగ్గు గుంజకుండ్రి, కెమెరా బందైతది" అన్నాడాయన. ఆయన మీద నాకు కోపం లేదు, చెప్పిన పని చేశాడు. వెళ్లేటప్పుడు మేడమ్‌తో, ఇక అక్క కూడా రూములోనే కూర్చుని ఇంటికి మాట్లాడుకోవచ్చు అన్నాడు మంచికే. మేడమ్ ఆయన్ని ఆపి, డబ్బా నెట్టుకు వేరే పాస్‌వర్డు పెట్టించింది. గేటు నెట్టు గేటుకే అంది. నా మంచానికి జానెడు దూరంలో నెట్టు, నేను మాత్రం మళ్లీ షెడ్డు గోడ దగ్గరే.

మర్నాడు పొద్దున నేను దోసెలు వేస్తున్నాను. మేడమ్ ఫోన్లో గేటును చూసుకుని మురిసిపోతోంది. రోడ్డు మీద పిల్లి పోతే నాకు కూడా చూపించింది. తర్వాత కప్పు పట్టుకుని మెట్ల కిందికి వెళ్లింది. టక్కుమంది. తిరిగి వచ్చి ఫోను చూస్తే గేటు లేదు.

నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. దోసె తిరగేశాను గానీ నోరు మెదపలేదు. నేనెందుకు చెప్పాలి? నా గదికి కరెంటు తీసింది ఎవరో ఆమెకు తెలియదా? చెయ్యి ఆమెది, కప్పు ఆమెది, స్విచ్ ఆమె ఇంట్లోది. కానీ ఆమె బుర్రలో ఆ స్విచ్ నాది, డబ్బా ఆమెది. రెండూ ఒకే లైను మీద ఉన్నాయని తట్టనే లేదు.

"ఏందమ్మాయ్, ప్లగ్గు పీకావా?" అంది.

పీకలేదన్నాను. ఫోను ఛార్జింగుకి పీకి ఉంటావు, గుర్తు తెచ్చుకో అంది. నేను ముట్టుకోలేదండి అన్నాను. నమ్మలేదు. చీకటి పడ్డాక కెమెరా బిగించినాయన ముసఫ్ఫా నుంచి వచ్చి చూశాడు. ఆ వేళకు స్విచ్ ఎత్తేసి ఉంది కాబట్టి అన్నీ చక్కగా పని చేస్తున్నాయి. వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున మళ్లీ అదే. ఆ మర్నాడూ అదే. మేడమ్ నేను వింటుండగానే స్నేహితురాలికి ఫోన్లో చెప్పింది, కెమెరా అంటే దానికి భయం, అందుకే తీసేస్తోంది అని. దానికి అంటే నాకు. నేను పప్పు రుబ్బుతూ విన్నాను. మిక్సీని ఇంకొంచెం గట్టిగా తిప్పాను. ఆ వారంలో ఒక్క మాటతో ఆ గొడవంతా ఆపగలిగి ఉండీ ఆపలేదు. అందుకు నాకు అప్పుడూ బాధ లేదు, ఇప్పుడూ లేదు. దొంగ అని అనుకునేవాళ్లకు సాయం చేయడానికి నా నోరేమీ ఊరికే రాలేదు.

చివరికి ఆ కెమెరా ఆయన ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. నా గదిలోకి వచ్చి లైటు వేస్తే వెలగలేదు. నన్ను అడిగాడు. మెట్ల కింద ఉంటుంది, మేడమ్‌ని అడగండి అన్నాను. ఆయన అక్కడినుంచే ఫోను కలిపాడు. అవతల ఆమె ఏమందో నాకు వినబడలేదు. ఈయన మాత్రం "పొద్దుగాల మీరే బంద్ చేస్తరా మేడం?" అని అడిగి ఫోను జేబులో పెట్టుకున్నాడు. తడి నేల వైపు చూశాడు, బకెట్ వైపు చూశాడు, చొక్కా కాలరుతో మెడ తుడుచుకున్నాడు. పని సామాను సర్దుకుని బయటి ఎండలోకి వెళ్లి నిలబడ్డాడు. నా గది కంటే అదే నయమనిపించి ఉంటుంది.

మేడమ్ నా దగ్గర పొరపాటు అన్న మాట కూడా అనలేదు. కానీ మర్నాడు పొద్దున స్విచ్ చప్పుడు వినబడలేదు. నాకు పొయ్యి దగ్గర చేతులు ఆడలేదు. మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని చూశాను. రెస్టు టైముకి ఆవరణంతా దాదాపు పరిగెత్తాను. గదిలో డబ్బా మీద పచ్చదీపం వెలుగుతోంది. కరెంటు ఉంది. గోడకు తగిలించి ఉండే ఏసీ రిమోట్ లేదు.

తిరిగి వెళ్లి అడిగాను. మేడమ్ మంచం మీదనుంచి లేవకుండానే, స్విచ్ ఇక ఆన్‌లోనే ఉంటుంది కదా, రిమోట్ నా దగ్గర ఉంచుకుంటాను, రాత్రి ఇస్తాను అంది. ఒక మనిషిని కొట్టాలని నాకు జీవితంలో గట్టిగా అనిపించింది ఆ రోజే. కొట్టలేదు. వెళ్లి నేల మీద నీళ్లు చల్లుకున్నాను. పైన కిటికీలో ఆ డబ్బా కరెంటు తాగుతూ మిణుకుమిణుకుమంటుంటే కింద తడి తువ్వాలు కప్పుకుని పడుకున్నాను. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం ఆమె ముందు చెయ్యి చాపి రిమోట్ అడగాలి, పొద్దున తెచ్చి ఇవ్వాలి. సీరియల్ మధ్యలో అడిగితే, బ్రేక్ రానీ అనేది.

జూలైలో డబ్బా చచ్చిపోయింది. కెమెరాలో నీలం దీపం పోయి ఎర్రదీపం వచ్చింది. కాసేపు బతికేది, మళ్లీ పోయేది. ఈసారి మేడమ్ ప్లగ్గు మాట ఎత్తలేదు, నేరుగా కెమెరా ఆయనకే ఫోను చేసింది. ఆయన వచ్చి డబ్బా మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. తర్వాత హాల్లోకి వెళ్లి కూర్చున్నాడు. నేను టీ తీసుకెళ్లాను.

"మేడం, గీ డబ్బ వేడికి ఆగది. రూం సల్లగుండాలె. లేకుంటే పదిహేను దినాల్ల ఖలాస్" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. కావాలనే చూడలేదేమో నాకు ఇప్పటికీ తెలియదు.

మేడమ్ ముఖంలో నిజంగానే బెంగ కనబడింది. "అయ్యో, అంత వేడిగా ఉంటుందా ఆ రూములో?" అంది.

నేను ట్రే పట్టుకుని అక్కడే ఉన్నాను. ఆ గదిలో నేను రెండు ఎండాకాలాలు పడుకున్నాను. ఆ మాట కోసం, ఆ గొంతు కోసం, అంత కూడా కాదు, అందులో సగం కోసం చూశాను. వచ్చింది చివరికి, అరచేతి మందం లేని ప్లాస్టిక్ డబ్బా కోసం వచ్చింది. ఎంతలో పెట్టాలి, రాత్రి కూడా ఉంచాలా అని ఆమె ఆయన్ని ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకుంది. డాక్టరును అడిగినట్టు అడిగింది. లోపలికి వెళ్లి రిమోట్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇరవై నాలుగులో పెట్టు. పగలూ రాత్రీ ఆపకు. దానికి వేడి పడదట" అంది.

ఆ మధ్యాహ్నం నేను మంచం మీద పడుకున్నాను. గది చల్లగా ఉంది. నేల పొడిగా ఉంది. ఒంట్లో ప్రతి ఎముకా హమ్మయ్య అంది. అది నాకు మరీ కోపం తెప్పించింది. నా ఒంటికి సిగ్గు లేదు, ఎవరి పేరు మీద వచ్చిన చల్లదనమైనా తీసేసుకుంది. చల్లటి గదిలో పడుకుని కూడా కడుపు మండుతుందని నాకు అప్పుడే తెలిసింది. మండుతూనే నిద్రపోయాను. నిద్రలో ఉండగా గేటు స్తంభం నా కిటికీ పక్కనే మేడమ్ గొంతుతో అరిచింది, లేచావా, టీ టైమయింది అని. కెమెరాలో స్పీకరు కూడా ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. బయట నీళ్ల క్యాన్లు దింపుతున్న పఠాన్ కూడా ఉలిక్కిపడ్డాడు. అప్పటినుంచి ఆమె నన్ను పిలవడానికి తలుపు దాకా కూడా రావలసిన పని లేకుండా పోయింది.

ఆగస్టులో సార్ వీసా సంగతి మళ్లీ ఎత్తాడు. అడిగింది ఇచ్చాం కదా, వేయించేస్తాను అన్నాడు. మేడమ్ పక్కనుంచి, రెండు గంటలు అడిగింది, మనం రోజంతా ఇచ్చాం అంది. నేను "చూద్దాంలెండి" అన్నాను. ఆమె తల ఎత్తి నన్ను చూసింది.

నెలకోసారి వాళ్లు నన్ను చర్చికి పంపేవాళ్లు. అక్కడ మా గోదావరి వైపు నుంచి వచ్చి ఆస్పత్రిలో నర్సుగా చేసే ఒకావిడ ఉండేది. తన పిల్లలను చూసుకోవడానికి మనిషి కావాలని చాలాకాలంగా అడుగుతోంది. ఉండేది చిన్న ఫ్లాటు. పిల్లల గదిలోనే పడుకోవాలి. ఏసీ గురించి నేను అడగబోయి ఆగిపోయాను, పిల్లల గది కదా. సరేనన్నాను. సార్‌కి చెబితే ఆయన కొంచెం నసిగి, తర్వాత కాగితాలన్నీ మర్యాదగానే చేసిపెట్టాడు. మేడమ్ మాత్రం నాతో మాట్లాడటం మానేసింది. వంట సంగతులు కూడా నేను గదిలో ఉన్నప్పుడు స్తంభంలోంచే చెప్పేది.

వెళ్లేరోజు పొద్దున గది ఊడ్చాను. పెట్టె బయట పెట్టుకున్నాను. ఏసీ ఆపలేదు, ఆపొద్దన్నారు కదా. రిమోట్ తీసి కిటికీలో డబ్బా పక్కన పెట్టాను. ఇంట్లోకి వెళ్లి వస్తానండి అంటే మేడమ్ కాఫీ కలుపుకుంటూ వెనక్కి తిరగలేదు. వచ్చి గేటు దగ్గర టాక్సీ కోసం నిలబడ్డాను.

స్తంభం మాట్లాడింది. "ఏం తక్కువ చేశాం నీకు? ఇంటి మనిషిలా చూసుకున్నాం. ఏసీ కూడా ఇచ్చాం."

నేను కెమెరా వైపు తిరిగాను. పైట సర్దుకున్నాను. చెప్పవలసింది రెండు నెలలుగా నోట్లోనే ఉంది. "మేడమ్, ఆ ఏసీ" అన్నాను. నా వెనక గదిలో ఏసీ ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. కెమెరాలో నీలం దీపం ఆరిపోయింది.

కాఫీ వేళ. గది ఖాళీ అయింది. కప్పు పట్టుకుని ఫోన్లో నన్ను దెప్పుతూనే మెట్ల కిందికి నడిచి ఉంటుంది, చెయ్యి దాని అలవాటు ప్రకారం స్విచ్ దించేసి ఉంటుంది.

నేను చెప్పాలనుకున్నది ఆ స్తంభానికి చెప్పి వెళ్లిపోవడం నాకు ఇష్టం లేకపోయింది. పెట్టె గేటు దగ్గరే వదిలి, ఆ ఆవరణంతా నడిచి ఇంటికి వెళ్లాను. వంటింటి వైపుకు కాదు. ముందు తలుపు బెల్లు కొట్టాను. ఆ బెల్లు నేను కొట్టడం అదే మొదలు. మేడమ్ తలుపు తీసింది. చేతిలో ఫోను ఉంది, అందులో గేటు లేదు.

"ఏసీ మీరు నాకివ్వలేదు మేడమ్, డబ్బాకిచ్చారు" అన్నాను. "నేనడిగింది రెండు గంటలే. అది ఇచ్చి ఉంటే ఉండేదాన్ని."

ఆమె ఏదో అనబోయింది. నేను ఆగలేదు.

"ఇప్పుడు మీరే స్విచ్ దించేశారు. వెళ్లి ఎత్తుకోండి. దానికి వేడి పడదు."

ఆమె నన్ను చూసింది, ఫోను చూసింది, మెట్ల వైపు చూసింది. నేను వెనక్కి తిరిగాను. నేను గేటు దగ్గరికి వచ్చేసరికి గదిలో ఏసీ మళ్లీ మొదలైంది. కాసేపటికి స్తంభం మీద నీలం దీపం వెలిగింది. స్పీకరు మాత్రం మాట్లాడలేదు. టాక్సీ వచ్చేదాకా నేను ఆ కెమెరాకి ఎదురుగానే నిలబడ్డాను.